తరుగు మూట

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కష్టపడే అలవాటు తాతల నుండి మనవల దాకా ఎట్లా వస్తుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. టేకులపల్లి పక్కన దూది ఏకిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ ఇంటి సంగతే చెబుతాను.

ఇక్కడున్న పిల్లల్లో చాలామంది దూదేకే విల్లు చూసి ఉండరు. మనిషంత పొడుగు కొయ్య, దానికి బిగించిన నరం. విల్లును దూలానికి వేలాడదీసి, నరాన్ని దూదిలో ఆనించి కొయ్యగుండుతో మీటితే, గడ్డకట్టిన దూది పొగలాగా లేచేది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయేది. మా తాత దగ్గు ఆగక పోయినవాడే. ఈ పని గొప్పదని పాటలు పాడేవాళ్లు ఆ దగ్గు విని ఉండరు.

మా నాన్న విల్లు భుజాన వేసుకుని కోయగూడేలు, లంబాడా తండాలు తిరిగేవాడు. ఇంటివారు దూది తూచి ఇచ్చేవారు. ఏకిన తరువాత మళ్లీ తూచి అప్పగించాలి. ఏకితే తూకం తగ్గుతుంది. మట్టి, గింజ ముక్కలు, చెత్త రాలిపోతాయి. దాన్ని తరుగు అంటారు. నాన్న ఆ చెత్తను కూడా పారెయ్యకుండా చిన్న మూట కట్టి దూదితోపాటు ఇచ్చేవాడు. "తగ్గింది ఎక్కడికి పోయిందో వాళ్ల కంటికి కనబడాలె" అనేవాడు.

నాకు పదేళ్లప్పుడు ఒక తండాలో గుప్పెడు దూది లాగుజేబులో కుక్కుకున్నాను, గుడ్డబంతి చేసుకుందామని. ఆ రోజు తరుగు మూట కలిపినా తూకం సరిపోలేదు. నాన్న రెండుసార్లు తూచి, తన కూలిలో కొంత తగ్గించుకుని వచ్చేశాడు. రాత్రి అమ్మ లాగు ఉతకబోతే బంతి బయటపడింది. నాన్న కొట్టలేదు. తెల్లవారుజామున లేపి, వాగు దాటించి, అంత దూరం నడిపించాడు. ఆ ఇంటి ఇల్లాలు నవ్వింది. "గుప్పెడు దూదికి ఇంత దూరం వస్తివా, సాయబూ?"

"నేను కాదమ్మా, పిల్లోడు చెబుతడు" అని నాన్న పక్కకు జరిగాడు. నేను చెప్పాను. ఎట్లా చెప్పానో ఇప్పుడు గుర్తులేదు, కాళ్లు వణికినది మాత్రం గుర్తుంది.

నాన్న సంగతి ఇంత చెప్పి అమ్మను వదిలేస్తే తప్పవుతుంది. ఎండాకాలంలో ఏకే పని లేనప్పుడు ఇల్లు నడిపింది ఆమే. చీకటితోనే అడవికి పోయి తునికాకు కోసి, ఎండ ముదిరేలోగా ఇంటికి తెచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి సాయంత్రం కల్లంలో అప్పగించేది. 1971 చట్టంతో ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. అయినా అడవికి పోవడం, ఎండలో కట్టలు కట్టడం ఆడవాళ్లకు తప్పలేదు. మన ఇళ్లలో "ఏం పని చేస్తది?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటది" అని చెప్పే ఆడవాళ్లలో మా అమ్మ ఒకరు!

ఇల్లెందు ప్రాంతంలో 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టిన నాటి నుండి ఈ అడవి బతుకు మారుతూ వచ్చింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. విల్లు దింపి గనికి పోయిన వారు మన బంధువుల్లోనూ ఉన్నారు. నెల జీతం చూసి మాకు ఈర్ష్యగా ఉండేది. ఆ తరువాత దూదేకే మిషను వచ్చింది, దాని వెనకే ఫోము పరుపు వచ్చింది. విల్లు అటకెక్కింది. 1970లో వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకులవారిని బి గ్రూపులో చేర్చారు. ఆ కాగితం పుణ్యాన నేను చదువుకుని గుమాస్తానయ్యాను.

ఇందాక ఒక పెద్దమనిషి "ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు" అన్నారు. క్షమించాలి, నేను ఒప్పుకోను. మా తమ్ముడి కొడుకు ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర మట్టిలారీ తోలుతాడు. రాత్రి షిఫ్టు దిగివచ్చి పగలు కోచింగు పుస్తకం పట్టుకుంటాడు. నాన్న కష్టానికి వీడి కష్టం ఏమాత్రం తీసిపోదు. నాన్నకు సాయంత్రానికి తాను ఏకిన దూది కళ్లముందు ఉండేది. వీడికి వచ్చే నెల పని ఉంటుందో లేదో తెలియదు. ఒళ్లు వంగడం లేదని వాణ్ణి అనేముందు, వాడి కష్టంలో తరుగు ఎక్కడికి పోతున్నదో మనం తూచి చూడాలి కదా.

కాబట్టి సొసైటీ వారికి ఒక మనవి. స్కాలర్‌షిప్పులు మార్కులను బట్టి ఇస్తున్నారు, మంచిదే. షిఫ్టు పనికి పోతూ చదివే పిల్లలకు, కుట్టుపని చేస్తూ చదివే ఆడపిల్లలకు వేరే ఒక పద్దు పెట్టండి. ఆ లెక్క వచ్చే ఏడు సభలో చదివి వినిపించండి. ఖర్చయింది, మిగిలింది, తరుగు పోయింది, అన్నీ.

నాన్న తక్కెడ మా ఇంట్లో ఇంకా ఉంది. ఒక పళ్లెం కొంచెం వంగింది. చూడాలనుకునే పిల్లలు ఆదివారం రావచ్చు. సెలవు.