మందుకు లెక్క కావాలి, లెక్కకు చదువు కావాలి

 

పొద్దంతా కష్టం చేసి వచ్చారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ఒక్క సంగతే చెబుతాను. అది మన ఊళ్ల సంగతి. మన పిల్లల బతుకు సంగతి.

మనం మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల వాళ్లం. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోతే పెద్ద పెద్ద గోడలు కనిపిస్తాయి. ఆ గోడల వెనక మందులు, టీకాలు తయారవుతాయి. ఆ ప్రాంతానికి జీనోమ్ వ్యాలీ అని పేరు. 1996లో మొదలైన భారత్ బయోటెక్ కంపెనీ అక్కడే ఉంది. కరోనా కాలంలో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కోవాగ్జిన్ టీకా తయారు చేసింది ఈ కంపెనీయే.

ఇటు మేడ్చల్ పక్కన అత్వెల్లి ఉంది. అక్కడ శాంతా బయోటెక్నిక్స్ పేరుతో మొదలైన కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. ఈ కంపెనీ 1993లో మొదలైంది. 1997లో హెపటైటిస్-బి టీకాను బజారులోకి తెచ్చింది. హెపటైటిస్-బి అంటే కాలేయాన్ని పాడుచేసే జబ్బు. అంతకుముందు ఆ టీకా బయటి దేశాల నుంచి వచ్చేది. ధర పేదవాళ్లకు అందేది కాదు. మన దగ్గర తయారయ్యాక ధర దిగింది. 2009లో ఈ కంపెనీని ఫ్రాన్సు దేశపు సనోఫీ కంపెనీ కొన్నది.

మన ఊళ్ల పేర్లు ఇట్లా చాలా దూరం పోయాయి. మంచిదే. మరి టీకా తయారైతే చాలునా? చాలదు. అది పసిపిల్ల తొడ దాకా చేరాలి. ఆ చేర్చే పని గురించే ఈ రోజు నా మాట.

టీకా ప్రయాణం

ఫ్యాక్టరీలో టీకా సీసా పెట్టెలోకి ఎక్కుతుంది. పెట్టె చల్లటి లారీలోకి ఎక్కుతుంది. కొన్ని లారీలు శంషాబాద్ విమానాశ్రయానికి పోతాయి. అక్కడినుంచి టీకాలు బయటి దేశాలకు పోతాయి. కొన్ని సర్కారు గోదాములకు పోతాయి. రాష్ట్ర గోదాము నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరతాయి. చివరికి నర్సమ్మ చల్లటి డబ్బాలో పెట్టుకుని మన అంగన్‌వాడీకి తెస్తుంది.

ఈ దారి పొడుగునా టీకాను చల్లగా ఉంచాలి. ఎంత చల్లగా? మన ఆరోగ్య కేంద్రాల ఫ్రిజ్‌లో 2 డిగ్రీలకు తగ్గకూడదు, 8 డిగ్రీలకు మించకూడదు.

పాలు కాచకుండా వదిలేస్తే విరుగుతాయి. అది మన కంటికి కనిపిస్తుంది. ముక్కుకు వాసన తెలుస్తుంది. టీకా పాడైతే చాలాసార్లు కంటికి కనిపించదు. పాడైన టీకా వేస్తే పిల్లకు సూది నొప్పి మిగులుతుంది. రక్షణ మాత్రం దొరకదు. తల్లి మాత్రం, ‘నా బిడ్డకు టీకా వేయించాను’ అని ధీమాగా ఉంటుంది. ఎంత అన్యాయం!

వేడి తగిలితే పోలియో చుక్కల మందు, తట్టు టీకా పాడవుతాయి. మరి గడ్డకట్టేంత చల్లగా ఉంచితే మంచిదేనా? కాదు. హెపటైటిస్-బి టీకా గడ్డకడితే పనికిరాదు. అంటే ఎక్కువైనా చిక్కే, తక్కువైనా చిక్కే.

అందుకే సీసా మీద ఒక చిన్న గుర్తు వేస్తారు. ఒక గుండ్రం. దాని లోపల ఒక చదరం. మంచి టీకా మీద లోపలి చదరం తెల్లగా ఉంటుంది. వేడి తగిలిన కొద్దీ అది నల్లబడుతుంది. చదరం రంగు గుండ్రం రంగుతో కలిసిపోతే ఆ టీకా వాడరు. ఇది చూడటానికి అక్షరాలు కూడా అక్కరలేదు. కళ్లుంటే చాలు. అయితే ఈ గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది. గడ్డకట్టిన సంగతి చెప్పదు.

కంప్యూటరు ఏం చేస్తుంది?

పూర్వం ఈ లెక్కంతా రిజిస్టర్లలో రాసేవాళ్లు. ఏ దవాఖానలో ఎన్ని సీసాలున్నాయో పైవాళ్లకు తెలియడానికి రోజులు పట్టేది. ఒకచోట టీకాలు అయిపోయేవి. ఇంకోచోట గడువు దాటి పారబోసేవాళ్లు.

2015లో కేంద్ర ప్రభుత్వం ఈ-విన్ అనే పద్ధతి మొదలుపెట్టింది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ సాయం చేసింది. ఈ పద్ధతి ఎట్లా నడుస్తుంది? టీకాల ఫ్రిజ్‌లో వేడిని కొలిచే చిన్న యంత్రం పెడతారు. దానికి మన సెల్‌ఫోనులో లాగే సిమ్ ఉంటుంది. ఫ్రిజ్ వేడెక్కితే బాధ్యత ఉన్న మనిషి ఫోనుకు కబురు వస్తుంది. టీకాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అన్న లెక్క కూడా ఫోనులోనే ఎక్కిస్తారు. జిల్లా ఆఫీసులో కూర్చున్నవాళ్లు అది చూడవచ్చు.

గోలీలకు కూడా ఇట్లాంటి పద్ధతి ఉంది. దాని పేరు ఈ-ఔషధి. సర్కారు దవాఖానకు కావలసిన మందులను అందులో రాసి పంపుతారు. 2023 ఆగస్టు 1 నుంచి ఇంకో కొత్త నియమం వచ్చింది. బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ అచ్చు వేయాలి. ఫోనుతో చూస్తే ఆ మందు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, గడువు ఎప్పటిదాకా అన్నది తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఫ్రిజ్ వేడెక్కిందని ఫోను చెబుతుంది. లేచి పోయి టీకాలను వేరే ఫ్రిజ్‌లోకి మార్చేది మనిషే. కంప్యూటరులో తప్పు అంకె ఎక్కిస్తే అది తప్పు లెక్కే చూపిస్తుంది. మందు సంగతి తెలిసి, కంప్యూటరు కూడా తెలిసిన మనిషి కావాలి. ఇదొక ఉద్యోగం. ఫ్యాక్టరీలో ఉంది. గోదాములో ఉంది. పెద్ద దవాఖానల్లో ఉంది. మందులు మోసే లారీ కంపెనీల్లో ఉంది.

ఒక చిన్న లెక్క

ఆ ఉద్యోగంలో ఏం చేస్తారు? రండి, మనమే ఒక లెక్క చేద్దాం.

ఒక దవాఖానలో రోజుకు 20 షీట్లు బీపీ గోలీలు ఇస్తారనుకుందాం. కావాలని రాసి పంపితే, గోదాము నుంచి రావడానికి 15 రోజులు పడుతుంది. ఎన్ని షీట్లు ఉండగానే రాయాలి?

20 షీట్లు, 15 రోజులు. మొత్తం 300. వానలు పడి లారీ ఆగవచ్చు. పండుగ సెలవులు రావచ్చు. అందుకని ఇంకో 100 కలుపుదాం. 400 షీట్లు ఉండగానే రాయాలి.

60 షీట్లు మిగిలాక రాస్తే? అవి మూడు రోజుల్లో అయిపోతాయి. తర్వాత 12 రోజులు జనం ఉత్త చేతులతో తిరిగిపోతారు. ముసలాయన కొనుక్కోలేక గోలీ మానేస్తాడు. బీపీ పెరిగితే పక్షవాతం దాకా పోవచ్చు. చూశారా? ఒక్క లెక్క ఆలస్యమైతే ఒక మనిషికి కాలూ చెయ్యీ పడిపోవచ్చు.

ఇంకో సూత్రం ఉంది. గడువు ముందుగా ముగిసే మందు ముందుగా బయటికి పోవాలి. మార్చిలో గడువు ముగిసే పెట్టె, డిసెంబరులో ముగిసే పెట్టె రెండూ ఉన్నాయి. ఏది ముందు ఇవ్వాలి? మార్చి పెట్టె. అది నిన్ననే వచ్చినా సరే, అదే ముందు. మన అక్కలు ఇంట్లో పాత బియ్యం అయ్యాకే కొత్త మూట విప్పుతారు కదా. ఇదీ అట్లాంటిదే. కాకపోతే ఇక్కడ వచ్చిన రోజు కాదు, గడువు తేదీ చూడాలి.

మన పిల్లలు ఎట్లా చేరాలి?

కంపెనీలు మన ఊళ్ల పక్కనే ఉన్నాయి. మనవాళ్లు కూడా అక్కడ పనికి పోతున్నారు. మూటలు ఎత్తుతున్నారు. పెట్టెలు కడుతున్నారు. తోటపని చేస్తున్నారు. ఏ పనీ చిన్నది కాదు. కానీ లెక్క చూసే కుర్చీలో కూడా మన పిల్లలు కూర్చోవాలి. గేటు దగ్గర నుంచి ఆ కుర్చీ దాకా నడిచేందుకు చదువు కావాలి.

మొదట పదో తరగతి. మధ్యలో బడి మానేసినవాళ్లు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదీ, ఇంటరూ రాయవచ్చు. ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లు డి.ఫార్మసీ చేయవచ్చు. అది రెండేళ్లు. బి.ఫార్మసీ నాలుగేళ్లు. కామర్సు చదివినవాళ్లు బి.కాం. కంప్యూటర్స్ చేసి గోదాము లెక్కల వైపు పోవచ్చు. కంప్యూటరు ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఈ-విన్ లాంటి పద్ధతులను తయారు చేసే పనిలోకి పోవచ్చు. ఇంకా పై చదువు కావాలంటే బాలానగర్‌లో నైపర్ అనే జాతీయ సంస్థ ఉంది. అక్కడ మందుల వ్యాపార నిర్వహణ కూడా నేర్పుతారు.

ఒక జాగ్రత్త. ‘ఆరు నెలల కోర్సు, ఉద్యోగం ఖాయం’ అని కొందరు కాగితాలు పంచుతారు. తొందరపడి డబ్బు కట్టకండి. ఫార్మసీ కాలేజీ అయితే ‘ఫార్మసీ కౌన్సిల్ గుర్తింపు ఉందా?’ అని అడగండి. కాగితం చూపించమనండి. మీకు చదవడం వచ్చు. చదివి చూడండి.

‘కంప్యూటరు వస్తే ఉన్న ఉద్యోగాలు పోవా?’ అని ఒక అన్న అడగవచ్చు. కొన్ని పోతాయి. ఒక రిజిస్టరు చూసి ఇంకో రిజిస్టరులోకి ఎక్కించే పని తగ్గుతుంది. ఏ మందు ఎక్కడ తక్కువైంది, ఎందుకు తక్కువైంది, ఎవరికి ముందు పంపాలి అని ఆలోచించే పని మిగులుతుంది. అందుకే ఉత్త టైపింగు నేర్పిస్తే సరిపోదు. మందు గురించి కూడా చదివించాలి.

అక్కలకు ఒక మాట. ఈ పనికి బరువులు ఎత్తే భుజాలు అక్కరలేదు. అంకెల మీద శ్రద్ధ కావాలి. ఆడపిల్లలు ఈ పని చక్కగా చేయగలరు. ‘పది అయిపోయింది, ఇక చాలు’ అని బిడ్డను ఆపకండి. ఇంటర్ దాకా, ఆపైన డిప్లొమా దాకా చదవనివ్వండి. పెళ్లి కోసం దాచిన డబ్బులో కొంత చదువుకు ఖర్చు చేస్తే నష్టం లేదు.

మనం ఏం చేయాలి?

పిల్లలు చదివేదాకా మనం ఊరికే ఉండనక్కరలేదు. ఇంట్లో ఉన్న గోలీల షీటు తీయండి. దాని మీద నాలుగు సంగతులు ఉంటాయి. మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ. పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు మాత్రం మనం నేర్చుకున్నవే. గడువు దగ్గర 8, ఆ పక్కన 2027 అని ఉంటే, 2027 ఆగస్టు నెలాఖరు దాకా వాడవచ్చని అర్థం. ఆ తేదీ దాటితే వాడకూడదు. దుకాణంలో కొనేటప్పుడు కూడా ముందు తేదీ చూడండి. తర్వాతే డబ్బు ఇవ్వండి.

రేపు వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక షీటు తెండి. ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లను కూడా వెంట తీసుకురండి. పేర్లు వాళ్లు చదువుతారు. తేదీలు మీరు చదవండి. ఎవరి ఇంట్లో గడువు దాటిన మందులు ఎన్ని ఉన్నాయో పలక మీద లెక్క రాద్దాం.