దోమ కాని పెద్దదోమ: క్రేన్ ఫ్లై అంగనిర్మాణం, వర్గీకరణ

(సంఘం మాసిక సమావేశంలో విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతినెలా మనం కరువు భత్యం గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో, రక్తపోటు గురించో మాట్లాడుకుంటాం. ఈసారి వాటికి కాస్త విరామమిచ్చి జంతుశాస్త్రంలోంచి ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. పాఠాలు చెప్పి రిటైరైనవాడికి అరగంట ఇస్తే ముప్పావుగంట తీసుకుంటాడని వారికి తెలియదు కాబోలు.

వానాకాలంలో సాయంత్రం దీపం వెయ్యగానే ఒక పురుగు వస్తుంది. చూడడానికి దోమలాగే ఉంటుంది కాని దోమకు నాలుగైదు రెట్లు పెద్దది. సన్నటి నడుము, అంతకంటె సన్నటి పొడుగాటి కాళ్ళు. గోడకు తగులుకుంటూ, బల్బుకు కొట్టుకుంటూ తాగినవాడిలా ఎగురుతుంది. ఇంట్లోవాళ్ళు “అమ్మో, ఎంత దోమో!” అంటారు. ఒకరు చీపురు, ఒకరు ఎలక్ట్రిక్ బ్యాటు పట్టుకుంటారు. చిన్నదోమ కుడితేనే డెంగీ వస్తుంటే ఇంత పెద్దది కుడితే ఏమవుతుందోనని భయం. నిజానికి ఇది కుట్టదు. కుట్టడానికి దీనికి సాధనమే లేదు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని క్రేన్ ఫ్లై అంటారు. క్రేన్ అంటే కొంగజాతి పక్షి. కొంగకాళ్ళ ఈగ అనుకోండి.

కుట్టని పురుగు గురించి ఇంత ప్రసంగం దేనికని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండు రెక్కల పురుగుల్లో ఏది ఏదో తేల్చుకోవడం ఎంత పెద్ద విషయమో మన సికింద్రాబాదే లోకానికి చూపించింది. మలేరియాను దోమ మోసుకుపోతుందా లేదా అని తేల్చడానికి రోనాల్డ్ రాస్ దొర 1895 నుంచి రెండేళ్ళు దోమల్ని కోసి చూశాడు. అవన్నీ బూడిదరంగువి, చారలవి. వాటిలో ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలున్న వేరే దోమలు చేతికి వచ్చాయి. ఆగస్టు 20న బేగంపేటలో అటువంటి దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి తాలూకు కణాలు కనబడ్డాయి. దోమల్లో రకాలున్నాయని ఆయన చూడగలిగాడు కాని వాటి శాస్త్రీయ నామాలు ఆయనకు తెలియవు. మచ్చల రెక్కల దోమ అనే రాసుకున్నాడు. ఈనాడు దాన్నే అనాఫిలిస్ అంటాం. రెక్కమీది మచ్చ అంత పని చేసింది!

మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో ‘గుర్తింపు చిహ్నములు’ అని ఒక గడి ఉండేది, గుర్తుందా? కుడి మోచేతిమీద పుట్టుమచ్చ, ఎడమ కనుబొమపై గాటు అని రాసేవాళ్ళం. పురుగులకూ అటువంటి రిజిస్టరే ఉంది. క్రేన్ ఫ్లై పేజీ తీసి చూద్దాం.

మొదటి గుర్తు వీపుమీద ఉంది. పురుగు దేహం మూడు భాగాలు: శిరస్సు, ఉరం, ఉదరం. రెక్కలు, కాళ్ళు అతికి ఉన్న మధ్యభాగం ఉరం. క్రేన్ ఫ్లై ఉరం పైభాగాన భూతద్దంతో చూస్తే ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో ఒక గాడి కనిపిస్తుంది. దోమకు ఇది ఉండదు. రెండో గుర్తు తలమీద. పెద్ద సంయుక్త నేత్రాలు రెండు కాక, చాలా ఈగలకు నడినెత్తిన మూడు చిన్న సరళ నేత్రాలు కూడా ఉంటాయి. క్రేన్ ఫ్లైకి ఆ మూడూ లేవు. శీతకాలపు క్రేన్ ఫ్లై అని చలిదేశాల్లో అచ్చం ఇలాగే ఉండే పురుగు ఒకటుంది. దానికి ఆ మూడు కళ్ళూ ఉంటాయి కనుక దాన్ని వేరే కుటుంబంలో వేశారు. మూడో గుర్తు రెక్క. దోమరెక్క ఈనెలమీద సన్నటి పొలుసులుంటాయి, చేత్తో నలిపితే పొడిలా అంటుకునేవి అవే. క్రేన్ ఫ్లై రెక్క అద్దంలా ఉంటుంది, పొలుసులుండవు.

నోటి సంగతి ఇల్లాళ్ళు ముఖ్యంగా వినాలి. ఆడదోమకు సూదిలాంటి తొండం ఉంటుంది. క్రేన్ ఫ్లై తల ముందుకు సాగి చిన్న మూతిలా ఉంటుందే కాని అందులో సూది లేదు. చాలా జాతుల్లో రెక్కలొచ్చాక అసలు తిండే అంతంతమాత్రం. కాస్త నీరో, పూలతేనో తాగి కొద్దిరోజులు బతుకుతుంది. ఆ రోజుల్లో దానికున్న పని పెళ్ళి, సంతానం, అంతే. ఇది మహా విషపురుగనీ, కోరలు పొట్టివి కనుక మనం బతికిపోయామనీ కొన్ని దేశాల్లో ఒక కథ ప్రచారంలో ఉంది. విషమూ లేదు, కోరలూ లేవు. ఇది దోమల్ని తింటుందని పొగిడేవాళ్ళూ ఉన్నారు. ఆ గొప్పా దీనికి లేదు.

కొన్నింటికి ఉదరం చివర ముల్లులాంటిది ఉంటుంది. అది చూసి కందిరీగలా కుడుతుందనుకుంటారు. అది ఆడపురుగు తడిమట్టిలో గుచ్చి గుడ్లు పెట్టే సాధనం. మగపురుగుకు తోక కొస మొద్దుగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బులో చిన్న చిన్న పట్టకార్లలాంటి భాగాలున్నాయి. ఏ జాతికి ఆ జాతికి అవి వేరు. బయటికి ఒకే తీరుగా కనబడే రెండు పురుగులు రెండు జాతులా, ఒకటేనా అన్నది శాస్త్రజ్ఞులు చాలావరకు ఈ భాగాల్ని మైక్రోస్కోపు కింద చూసి తేలుస్తారు.

కాళ్ళ గురించి చెప్పకపోతే అన్యాయం. దీని కాలు పట్టుకుంటే కాలు మన చేతిలో ఉంటుంది, పురుగు పారిపోతుంది. కాలు తెగేచోటు ముందే ఏర్పాటై ఉంది, తొడ మొదట్లో. బల్లి తోకలాంటిదే, కాకపోతే బల్లికి మళ్ళీ మొలుస్తుంది, పెద్దయిన క్రేన్ ఫ్లైకి మొలవదు. నాలుగు కాళ్ళతో కాలక్షేపం చేసేవి ఎన్నో కనబడతాయి. వీటి బంధువు ఒకటి, కయోనియా అని, చలిదేశాల్లో మంచుమీద నడుస్తుంది. రెక్కలే లేవు. కాలు గడ్డకట్టడం మొదలైతే ఆ చలి ఒంట్లోకి పాకకముందే కాలిని తనే తెంచుకుంటుందని 2023లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది.

ఇక హాల్టర్లు. ఈగలకు, దోమలకు వెనకరెక్కలు రెండూ కుంచించుకుపోయి గుండుసూదుల్లా మిగిలాయి. ఇంటి ఈగలో అవి అంత సులువుగా కనబడవు. క్రేన్ ఫ్లైలో మామూలు కంటికే కనిపిస్తాయి, అందుకే తరగతిలో చూపించడానికి దీనంత మంచిది లేదు. ఎగిరేటప్పుడు ఇవి రెక్కలతోపాటు కొట్టుకుంటూ, ఒళ్ళు ఎటు తిరుగుతోందో పురుగుకు తెలియజేస్తాయి. విమానంలో జైరోస్కోపు చేసే పని. వీటిని తీసేస్తే ఈగ ఎగరలేదని విలియం డెర్హామ్ అనే ఇంగ్లీషు పాదిరీ 1714లోనే రాశాడు. అది ఎలా పనిచేస్తుందో ప్రింగిల్ అనే శాస్త్రజ్ఞుడు 1948లో వివరించాడు. రెక్కలు పోయిన ఆ మంచుపురుగుకు కూడా హాల్టర్లు మాత్రం మిగిలే ఉన్నాయి. అద్దె ఇల్లు ఖాళీ చేసినా తాళంచెవి మాత్రం దగ్గరే ఉంచుకున్నట్టు!

పెద్ద పురుగు బతుకు నాలుగునాళ్ళయితే, డింభకం బతుకు నెలల తరబడి. తడినేల, కుళ్ళిన ఆకులు, చెరువుగట్టు బురద, పుచ్చిన కలప దాని కాపురాలు. కాళ్ళుండవు, తల ఒంట్లోకి లాక్కుంటుంది. వెనకకొసను రెండు శ్వాసరంధ్రాలు, వాటి చుట్టూ వేళ్ళలాంటి పొడుపులు ఉంటాయి. భూతద్దంలో చూస్తే రెండు కళ్ళ ముఖంలా ఉంటుంది, ఎటు తలో ఎటు తోకో తికమకపడతాం. చాలా జాతుల డింభకాలు రాలిన ఆకుల్ని తిని ఎరువు చేస్తాయి. కొన్ని మాత్రం పచ్చగడ్డి వేళ్ళు కొరుకుతాయి. వాటి చర్మం మందం చూసి ఇంగ్లీషువాళ్ళు తోలుకోట్లు అన్న అర్థంలో లెదర్ జాకెట్లు అన్నారు.

క్రికెట్ అభిమానులకు ఒక మాట. 1935లో లండన్ లార్డ్స్ మైదానాన్ని ఈ లెదర్ జాకెట్లే పాడుచేశాయి. గడ్డి చచ్చి నేల బోసిపోయింది. పనివాళ్ళు వేలకొద్దీ ఏరి తగలబెట్టారు. ఆ పిచ్‌మీద బంతి మామూలుకంటె ఎక్కువ తిరిగింది. దక్షిణాఫ్రికా లెగ్ స్పిన్నరు బలాస్కస్ 9 వికెట్లు తీశాడు. ఇంగ్లండు గడ్డమీద దక్షిణాఫ్రికాకు అదే మొదటి టెస్టు విజయం. ఆ యూరప్ జాతే 1960ల్లో అమెరికా పడమటితీరం చేరింది. సియాటిల్ వైపు మన పిల్లల ఇళ్ళముందు లాన్ మచ్చలుమచ్చలుగా ఎండితే కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు.

ఇప్పుడు వర్గీకరణ. 1758లో లినేయస్ టిప్యులా అనే ప్రజాతిపేరు పెట్టినప్పుడు క్రేన్ ఫ్లైలతోపాటు సన్నటి చిన్న ఈగల్నీ అందులోనే కలిపేశాడు. ఆ మొదటి రోజుల్లో అన్ని సెక్షన్లూ ఒకే గదిలో ఉన్నట్టు. తర్వాత్తర్వాత గోడలు లేచాయి. చాలాకాలం టిప్యులిడే అని ఒకే కుటుంబం, దానికింద ఉపకుటుంబాలు ఉండేవి. 1992లో చెక్ శాస్త్రజ్ఞుడు స్టారీ నాలుగు కుటుంబాలుగా విడగొట్టాడు.

అసలు టిప్యులిడే అంటే మూతిపక్కన వేలాడే స్పర్శాంగాల చివరిముక్క కొరడాలా బాగా పొడుగైనవి. మన దీపాల దగ్గరికొచ్చే పెద్దవి ఎక్కువగా ఇవే. వీటిలోని హోలోరూసియా ప్రజాతి అన్నింటికంటె భారీది. 2017లో చైనాలో చెంగ్డూ దగ్గర దొరికినదానికి ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కలు 11 సెంటీమీటర్లు దాటాయి. లిమోనియిడేలో ఆ ముక్క పొట్టి. సంఖ్యలో మాత్రం వీరిదే మెజారిటీ, పదివేల జాతులకు పైమాటే. సాలెగూటి దారానికి కాళ్ళతో వేలాడి ఊగే చిన్నవి, ఇందాకటి మంచుపురుగు ఈ కుటుంబంవే. పెడిసియిడేకు సంయుక్త నేత్రాల గళ్ళ మధ్య సన్నటి వెంట్రుకలుంటాయి. సిలిండ్రోటోమిడే చాలా చిన్న కుటుంబం. డింభకాలు నాచు తింటూ నాచులాగే ఉంటాయి. నాలుగూ కలిపి ఈనాటికి 15 వేలకు పైగా జాతులు లెక్కకొచ్చాయి. 2010లో దేహలక్షణాలు, జన్యువులు కలిపి చూసిన నలుగురు శాస్త్రజ్ఞులు, నాలుగు కుటుంబాలు అక్కర్లేదు, పెడిసియిడే ఒకటి, మిగిలినవన్నీ కలిపి ఒకటి, రెండు చాలన్నారు. విడదీసిన సెక్షన్లను మళ్ళీ కలపమన్న ప్రతిపాదన. ఫైలు ఇంకా నడుస్తోంది, చాలామంది నాలుగే వాడుతున్నారు.

ఈ 15 వేలల్లో సుమారు 11 వేలకు పేరుపెట్టినవాడు ఒక్కడే. చార్లెస్ పాల్ అలెగ్జాండర్, 1889లో పుట్టి 1981లో పోయాడు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హర్స్ట్‌లో ఆచార్యుడు. డెబ్బై ఏళ్ళకు పంచినా రెండు మూడు రోజులకొక కొత్తజాతి. 1959లో రిటైరయ్యాడు. మనలాగే. ఆ తర్వాత ఇంటినే ప్రయోగశాల చేసుకొని మరో ఇరవయ్యేళ్ళు ఇదే పని చేశాడు. భార్య మేబెల్ ఆయన రాసినవి టైపు చేసింది, చీటీలు రాసింది, సేకరణ యాత్రల్లో వెంటనడిచింది. 1979లో ఆవిడ పోయాక ఆయన ఎక్కువకాలం లేడు. ఆ సేకరణ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మన దేశంలో ఈ పని మొదలుపెట్టిన పెద్దల్లో ఒకరు వృత్తిరీత్యా సంగీతకారుడు. ఎన్రికో బ్రునెట్టి అనే ఆయన కలకత్తాలో కూర్చుని భారతదేశపు ఈగలమీద 1912లో ఒక సంపుటం రాశాడు. తర్వాత దక్షిణాది కొండల నుంచి సూసై నాథన్, 1960 ప్రాంతంలో ఈశాన్యం నుంచి ఫెర్నాండ్ ష్మిడ్ పట్టిన పురుగులు ఆమ్హర్స్ట్ చేరితే అలెగ్జాండర్ పేర్లు పెట్టాడు. అలా మన దేశపు జాతులు వెయ్యి దాటాయి. వాటిలో చాలావాటిని ఆ మొదటి నమూనాల తర్వాత మళ్ళీ చూసినవాళ్ళు లేరు. ఆ అడవి ఉందో లేదో, ఆ వాగు పారుతోందో లేదో. ఈ పురుగుల్ని చూసి పేరు చెప్పగలవాళ్ళు దేశంలో చాలా తక్కువ. పేరుపెట్టిన మనిషి పోయాడు, నమూనాలు సముద్రాల అవతల ఉన్నాయి. మన కొండల్లో ఇవాళ ఒకటి దొరికితే, అది కొత్తదా పాతదా అని తేల్చడానికి ఎవరి తలుపు తట్టాలన్నది పెద్ద ప్రశ్న. మీ మనవల్లో జంతుశాస్త్రం చదివేవాళ్ళుంటే ఈ సంగతి వాళ్ళ చెవిన వెయ్యండి. ఇందులో పోటీ తక్కువ, పని ఎక్కువ.

ఇంట్లో మాత్రం ఒక్క పని చేయండి. మీ ఇంట్లో డెంగీదోమ పెరిగేది కూలర్ తొట్టిలో, పూలకుండీ కింది పళ్ళెంలో, మూతలేని డ్రమ్ములో. మందుడబ్బా పట్టుకొని క్రేన్ ఫ్లై వెంట పడితే ఆ దోమలకేమీ కాదు, మన ఊపిరితిత్తులకే నష్టం. వారానికొకసారి ఆ నీళ్ళు పారబోయండి. పెద్దదాన్ని గ్లాసుతో బోర్లించి, కింద ఒక అట్టముక్క జరిపి, కిటికీలోంచి వదిలేయండి.

నమూనాలు రెండు తెచ్చాను, ఒకటి ఆడది, ఒకటి మగది. ఆ మూల బల్లమీద భూతద్దం పక్కన ఉన్నాయి. టీ తాగాక ఒక్కొక్కరు వచ్చి వీపుమీది ‘వి’ చూడండి. మగదానికి ఇప్పటికే ఒక కాలు ఊడింది. మిగిలిన అయిదూ అందరూ చూసేదాకా ఉండాలి, కాబట్టి ఎవరూ ముట్టుకోవద్దని మనవి. సెలవు.