చిత్రంలోని జావా నర్తకుడు

డచ్చి చిత్రకారుడు ఐజాక్ ఇజ్రాయెల్స్ (1865-1934) చేతివేగానికి పేరుపొందినవాడు. ఆమ్‌స్టర్‌డామ్ వీధులు, నాట్యశాలలు, బట్టలు కుట్టే యువతులు అతనికి ప్రియమైన వస్తువులు. కదలిక మాయమయ్యేలోగా దానిని పట్టుకోవాలన్నదే అతని తపన. అట్టి చిత్రకారుడు 1916లో రాదెన్ మాస్ యోజానా అనే జావా నర్తకుని చిత్రించాడు.

ఆ నర్తకుడు ప్రదర్శనకై రప్పించిన ఆస్థాన కళాకారుడని చూపరులు భావించడం సహజం. వాస్తవం వేరు. ‘రాదెన్ మాస్’ అనేది ఉన్నత వంశీయులకు చెల్లే బిరుదం. 1893లో యోగ్యకర్తలో జన్మించిన యోజానా, వాణిజ్యశాస్త్రం చదవడానికి 1914లో హాలండుకు వెళ్ళిన విద్యార్థి. జావా ఆనాడు డచ్చివారి ఏలుబడిలో ఉండేది. పాలకుల దేశంలో పద్దుల లెక్కలు నేర్వవచ్చిన యువకుడు అక్కడి రంగస్థలాలపై తన ఊరి నృత్యం చేశాడు. పిమ్మట అదే అతని జీవితవృత్తి అయింది.

జావా ఆస్థాన నృత్యనాటకాలకు రామాయణ, భారత కథలు ఆయువుపట్టు. అర్జున పాత్రధారి అడుగు మెత్తగా పడాలి, చూపు నేలకు వాలాలి. రాక్షస పాత్రల కాళ్ళు ఎత్తుగా లేస్తాయి, చేతులు విశాలంగా చాచుకుంటాయి. కదలికను బట్టే స్వభావం తెలియాలి. ఈ పేర్లు వినగానే ‘ఇవి మనవే కదా’ అని తెలుగు శ్రోతకు అనిపించక మానదు. ఆ మాట సగమే నిజం. పాండవుల వెంట సేవకుడై తిరిగే సెమార్ అనే లావుపాటి విదూషకుడు వ్యాసభారతంలో లేడు. జావావారి దృష్టిలో అతడు మారువేషంలోని దేవుడు. రాజులకు బుద్ధి చెప్పగలవాడు. మన తోలుబొమ్మలాటలోని కేతిగాడు గుర్తుకు రావచ్చు గాని, పాపం, కేతిగానికి దైవత్వం అబ్బలేదు.

డచ్చివారు ఆ ద్వీపాలను తమ ఆస్తి అన్నారు. కథలు ఇక్కడినుంచి వెళ్ళినవి గనుక ఆ కళ కూడా భారతీయులదేనని మన పండితులు కొందరు మురిసిపోయారు. ఈ రెండు వాదాలలోనూ నర్తకునికి చోటు లేదు. ఇజ్రాయెల్స్ చిత్రానికి మాత్రం యోజానా పేరే నిలిచింది.

హాలండులోని జావా యువకులలో నోతో సురోతో అనే కవి రవీంద్రుని జీవితాన్ని డచ్చి భాషలో పరిచయం చేశాడు. ఇజ్రాయెల్స్ స్వయంగా 1921-22లో జావా, బలి ద్వీపాలకు వెళ్ళాడు. రవీంద్రుడు 1927లో వెళ్ళి, జావా ఆస్థాన నృత్యాలను కన్నులారా చూచాడు. 1939లో శాంతినికేతనం నుంచి శాంతిదేవ్ ఘోష్ ఆ ద్వీపాలకు బయలుదేరాడు. నేర్పడానికి కాదు, అక్కడి నృత్యం నేర్చుకోవడానికి.