నడక ముగిసిన చోట
(డొంకరాయిలో చేసిన ప్రసంగ పాఠము)



పాదయాత్ర ముగిసిన తరువాత సముద్రతీరాన ఒక రోజు ఊరకే కూర్చోవడం భక్తికి తగునా అని మనలో కొందరు అడుగుతున్నారు. కొండ మీద ఉన్న మనకు ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక రోజంటే ఒక రోజు కూలి, ఒక పూట గంజి. కనుక ఆలోచించే జవాబు చెప్పుకుందాము.

మన సీలేరునే చూడండి. ఇక్కడి జలాశయంలో నిలిచిన నీరు కాలువ వెంట పొల్లూరు చేరి, విద్యుత్తు నిచ్చి, మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. దాళ్వా పంటకు నీరు చాలనప్పుడు డెల్టా రైతులు ఎదురుచూసేది ఈ సీలేరు నీటి కొరకే. ఇంత పని చేసిన నీరు వశిష్ఠ పాయగా అంతర్వేది చేరి సముద్రంలో విశ్రమిస్తుంది.

ఆ తీరాన హైందవ సోదరులకు సప్తసాగర యాత్ర ఉన్నది. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయల సంగమాలలో స్నానాలు చేస్తూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగిస్తారు. స్పెయిన్ దేశంలో అపొస్తలుడైన యాకోబు పేర వెలసిన సంతియాగో దేవాలయానికి నడిచి వచ్చినవారిలో కొందరు అక్కడ ఆగరు. మరి 90 కిలోమీటర్లు పడమరకు నడిచి, ఫినిస్తెర్రె అనే జాలరుల ఊరు చేరి, సముద్రంలో సూర్యుడు కుంకడం చూస్తారు.

ఎందుకు? నడిచేటప్పుడు మన ధ్యాస కాళ్ల బొబ్బల మీద, రాత్రి బస మీద ఉంటుంది. కూర్చున్నప్పుడే మనసు మనలను కలుసుకుంటుంది. ఊరూరా తిరిగి వచ్చిన శిష్యులను ప్రభువే ఏకాంత స్థలానికి విశ్రాంతికై పిలిచారు. తిబెరియ తీరాన అలసిన జాలరులకు నిప్పు రాజేసి, చేపలు, రొట్టె వడ్డించారు. కనుక విశ్రాంతి సోమరితనం కాదు.

అయితే ఒక మాట మరువరాదు. మన విశ్రాంతి ఇంకొకరి పని. ఇసుక నేల ఊళ్లలో మంచినీళ్లు కొద్ది. ఆ బిందె మోసేది ఒక జాలరి తల్లి. మన నీళ్లు మనమే తోడుకుందాము. చేపలకు ఆమె చెప్పిన ధర ఇద్దాము. ఎండు చేపలు ఆరబెట్టిన చోట తొక్కకుందాము. పడవ నీడలో కూర్చునే ముందు అడుగుదాము. విస్తళ్లు అలలకు వదలకుందాము.

ఇక ఇంటి దగ్గర మన పశువులను కాసినవారు, ముసలివారికి గంజి పోసినవారు యాత్రకు రాలేదు. వారికి సముద్రమూ లేదు. మనము కొండెక్కి వచ్చిన మర్నాడు వారి పని మనము చేసి, వారిని ఒక రోజు కూర్చోబెట్టాలి. ఈ షరతు మీద ఆ ఒక్క రోజును యాత్రా క్రమంలో ఉంచవలసినదిగా పెద్దలను కోరుతున్నాము.