గట్టుమీది కూరకు పేరు
(పంచాయతీ సభ్యుల సమావేశమున భవానీపురములో చేసిన ప్రసంగ పాఠము)



వినాయకచవితికి ముందునాడు ఈ వీథులలో పత్రికట్టలు అమ్మకమునకు వచ్చును. అవి మీ గట్లపై మొలచిన ఆకులే. పూజలో దత్తూరపత్రమనియు కరవీరపత్రమనియు చదువుదుము. దత్తూరమనగా ఉమ్మెత్త, కరవీరమనగా గన్నేరు. రెండును విషపు మొక్కలే. కట్ట విప్పిన పిల్లవానికి, ఇది తాకవచ్చును, ఇది నోట పెట్టరాదు అని చెప్పగలవారు నేడు ఇంటింట కలరా?

పొన్నగంటి, గలిజేరు, గంగపావిలి, తూటికూర ఎవరును విత్తకయే మన డెల్టాలో మొలచుచున్నవి. నాట్లకు, కలుపులకు పోయిన స్త్రీలు సాయంకాలము వీనిని కొంగున మూటగట్టి తెచ్చుకొనెడివారు. అంగడికి పోని కూర గనుక దానికి ధర లేదు. ధర లేనిది లెక్కలలోనికి రాదు. గట్టుకు గడ్డిమందు కొట్టిననాడు పేదయింటి కూర పోయినదని ఎవరును వ్రాసికొనరు.

వ్రాయు అధికారము మీకు కలదు. 2002 జీవవైవిధ్య చట్టము 41వ సెక్షను ప్రకారము ప్రతి గ్రామ పంచాయతీయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయవలెను. బీరువాలో భద్రపరచుటకే అయినచో ఆ శ్రమ యెందుకు? ఊరి వృద్ధురాలు గట్టుమీద నిలిచి పేరు చెప్పవలెను. అయిదవ తరగతి పిల్లలు ఆమె పలికినట్లే వ్రాయవలెను. ఆమె మాటను పండితులచే దిద్దింపకుడు.

జహీరాబాదు ప్రాంతమున డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు తమ విత్తనముల సంగతి తమ పలుకుబడిలోనే చెప్పుకొనుటకు 2008లో రేడియో కేంద్రమునే నెలకొల్పుకొనిరి. ఉత్తర అమెరికా సరస్సులలో తనంత పండు ధాన్యమును ఒజిబ్వే జాతివారు మనోమిన్ అందురు. వారి భాషలో బోధించు పాఠశాలలలో పిల్లలను కోతకు తీసికొనిపోయి, పని చేయించుచు మాటలు నేర్పుదురు. 2018లో వైట్ ఎర్త్ ఒజిబ్వేలు ఆ మొక్కకు హక్కులు కలవని చట్టమే చేసికొనిరి! మన పొన్నగంటికి అంత అక్కరలేదు; బడి దగ్గర నూరు గజముల గట్టు మందు కొట్టక విడిచిన చాలును.

ఒక్క జాగ్రత్త. మురుగు కలియు కాలువలోని తూటికూరను, మందు పడిన చోటి ఆకును కోయరాదు. ఆనవాలు రూఢిగా తెలియని మొక్కను వండరాదు. ఇదియు పిల్లలకు మొదటి దినముననే చెప్పింపుడు. తొలకరికి గట్లు పచ్చబడును. ఆ వారముననే బడి పంతులుగారితో మాటలాడుడు.