అంగిలి నడిమి అతుకు
(స్మారకోపన్యాసము)

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసనిధి నెలకొన్నదో ఆ ఆచార్యులవారి పాండిత్యము లోకవిదితము గనుక వర్ణింపబూనను. మైక్రోటోము కత్తిని వారు తోలుపట్టెపై స్వయముగా నూరుకొనుచు, నాతోసహా శిష్యులలో నెవ్వరిని దానిని ముట్టనిచ్చెడివారు కారని మాత్రము విన్నవించి ప్రస్తుతాంశమునకు వచ్చెదను.

చిట్టెలుక పిండములో దాదాపు 12వ దినమునకు పైదవడ మొగ్గలనుండి రెండు ఫలకములు పుట్టి, నాలుకకు ఇరుప్రక్కల నిలువుగా దిగి, 14వ దినప్రాంతమున నాలుకపైకి లేచి, నడుమ కలిసికొని అంగిలి యగుట విద్యార్థులెల్ల నెరిగినదే. 1951లో ఫ్రేజర్, ఫైన్‌స్టాట్ అనువారు గర్భిణులైన చిట్టెలుకలకు కార్టిసోన్ ఇచ్చి పిల్లలకు అంగిలిచీలిక కలిగించుటయు, అది ఎ వంశమున హెచ్చుగను, సి57 నల్లవంశమున తక్కువగను ఉండుటయు సుప్రసిద్ధములే.

నా వివాదమెల్ల ఫలకములు తాకినచోట రెండుప్రక్కల ఉపకళ ఏకమై ఏర్పడి, స్వల్పకాలములోనే అదృశ్యమగు అతుకును గూర్చినది. ఆ కణములేమైనవి? అవి మీసెంకైముగా, అనగా ఫలకముల లోపలి పిండధాతువుగా, మారునని 1989లో ఫిచెట్, హే ప్రతిపాదించిరి. 1992లో గ్రిఫిత్, హే రంగుతో గుర్తించి దానినే సమర్థించిరి. ఆ యేడే కారెట్, ఫెర్గూసన్ వేరొక రంగును వాడి, అవి నోటివైపునకును ముక్కువైపునకును తరలిపోవునని తేల్చిరి. అయితే రంగు సాక్ష్యము చాలదు; చచ్చిన కణమును మ్రింగిన భక్షకకణము సైతము రంగుతో కానవచ్చును గదా! 2005లో వజీరీ సానీ ప్రభృతులు ఉపకళాకణముల జన్యువులలోనే చెరగని గుర్తునుంచి వాటి సంతతిని వెదకగా, మీసెంకైములో అట్టివి కానరాలేదు. కణము రూపము మారినపుడు గుర్తు అణగియుండునని కొందరందురు. ఒకసారి పడినపిమ్మట కణమెట్లు మారినను నిలుచునట్టిదే ఆ గుర్తు. టీజీఎఫ్-బీటా 3 అను వృద్ధికారకము లేని చిట్టెలుకలలో అంగిలి అతుకదని 1995లో తేలినదనియు అడ్డు చెప్పుదురు. అతుకు కరుగుటకు ఆ పదార్థము కావలెనని మాత్రమే దానివలన తెలియును. కణముల గతి తెలియదు. 2015లో కిమ్ ప్రభృతులు సజీవచిత్రణమున, కణములు ఒకచోటికి చేరి వెలుపలికి నెట్టబడుటను చూచిరి. ఇన్ని జరిగినను మన పాఠ్యగ్రంథములు రూపాంతరవాదమును సిద్ధాంతముగానే పాడుచున్నవి.

అతుకు ముందుభాగమునను వెనుకభాగమునను ఒకేరీతిని కరుగునా యనునది నన్నిపుడు వేధించు ప్రశ్న. ముక్కుకొన మొదలు గొంతువరకు ఒక్క ముక్కయు వదలక కోసి, వరుసతప్పక అద్దకము వేసి, చిట్టెలుక అంగిలికి పటసంపుటమొకటి కూర్చుచున్నాను. నడిమిభాగపు స్లైడొక్కటి చూపి అంగిలి యంతటికిని తీర్పు చెప్పు అలవాటు అంతరింపవలెను. మీ కళాశాలల అటకలపై పాత స్లైడుపెట్టెలున్నచో పారవేయక నాకు పంపుడు. గర్భదినమును, ముక్కల వరుసను వ్రాసియుంచని పెట్టెలు మాత్రము నాకక్కరలేదు.