నిప్పుమీది యినుమును తోముట



గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో ఒకప్పుడు నిప్పుమీది యినుమనగా జొన్నరొట్టె పెనమును, మాంసము గ్రుచ్చి కాల్చు సీకులును మాత్రమే. ఇప్పుడు పట్టణపు బొగ్గులపొయ్యి తన యినుపజాలితో గూడ పల్లెలకు వచ్చినది. జూరాల చేపయైనను, పెరటి వంకాయయైనను దానిపైననే కాలుచున్నది. నాకు చేపతో పనిలేదు గాని వంకాయతో కలదు. విందైన మరునాడు జిడ్డుగట్టి దొడ్డిలో పడియుండు ఆ జాలిని దేనితో తోమవలెనన్నదే నేటి విషయము.

విద్వద్గద్వాలని పేరొందిన సీమలో పండితుడు జాలి తోముటను గూర్చి చెప్పుటయా యని నవ్వవలదు. రాగి, యినుము, కంచు మొదలగు లోహములను క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను, దేనికి తగినట్లు దానిని శుద్ధిచేయవలెనని మనుస్మృతి పంచమాధ్యాయమున నున్నది. ఆ తగినట్లన్న మాటయందే మర్మమంతయు కలదు. జిడ్డునకు క్షారము, త్రుప్పునకు పులుపు.

నల్లనిదంతయు మురికి కాదు. నూనె కాగి యినుమునకు పట్టిన నున్నని నలుపు దానికి కవచము. కొత్తకోడలు పెనమును వెండివలె తోమిన నాడు అత్తగారేల గొణుగుదురో రొట్టె కాల్చినవారికి తెలియును. వ్రేలికంటెడు జిడ్డును, పొరలుగా లేచు మసియు మాత్రమే తీయవలసినవి.

వంట ముగిసిన వెంటనే జాలిని మరి పది నిమిషములు కణకణలాడు నిప్పులమీద నుంచుడు. జిడ్డు ఎండి పెళుసెక్కును. వేడి కొంత తగ్గిన పిదప అట్లకాడ యంచుతో గీకి, జల్లించిన కట్టెల బూడిదను వేడినీటితో ముద్దచేసి పూసి, అరగంట తాళి కొబ్బరిపీచుతో తోముడు. బూడిదలో పొటాషియము కార్బొనేటను క్షారము కలదు. అది జిడ్డును విడదీయును. రంగువేసిన కట్టెల బూడిద పనికిరాదు. అల్యూమినియము పాత్రలకు బూడిద వలదు, క్షారము దానిని తినివేయును. త్రుప్పున్నచోట చింతపండు పిప్పితో రుద్ది, వెంటనే కడిగి, నిప్పుమీద ఆరబెట్టి, పలుచగా వేరుసెనగనూనె రాయుడు. రాత్రియంతయు పులుపులో నానబెట్టినచో ఇనుమే కరగును. జింకుపూత గల జాలిని మాత్రము నిప్పుమీద పెట్టనే వలదు.

తీగల బ్రష్షును నేను మెచ్చను. అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున 2011, 2012 సంవత్సరములలో ఆరుగురు, జాలికంటుకొని మిగిలిన తీగముక్కలను ఆహారముతో మ్రింగి ఆసుపత్రి పాలైరి.

ఇక అంగడి సీసాలు. జిడ్డును క్షణములో కరగించెడు ద్రవములలో పెక్కింట కాస్టిక్ సోడా యుండును. అది జాలిమీది క్రొవ్వును సబ్బుచేసినట్లే మన చర్మమును, కన్నును కూడ చేయును. స్నానపుగదికి వాడు యాసిడ్డును, బ్లీచింగు పొడిని కలిపినచో వెలువడునది క్లోరిన్ వాయువు. 1915లో ఈప్రు రణరంగమున సైనికులను చంపినదదియే. ఒక యింట అట్టి యాసిడ్డును శీతలపానీయపు సీసాలో పోసి, పిల్లవానికందు గూటిలో నుంచగా చూచితిని. అడిగిన, అందరికి తెలియునుగదా యనిరి. మూడేండ్లవానికెట్లు తెలియును?

చర్మముపై గాని కంటిలో గాని పడినచో ఇరువది నిమిషములు పారెడు నీటితో కడుగుడు. మ్రింగినచో వాంతి చేయింపవలదు. పోయినదారిని తిరిగివచ్చుచు గొంతును రెండవమారు కాల్చును. విరుగుడని నిమ్మరసము పోయవలదు. నోరు పుక్కిలింపజేసి, 108కి పిలిచి ఆసుపత్రికి చేర్చుడు. ఆ సీసాను వెంట గొనిపోవుట మరువవలదు. ఏది లోపలికి పోయినదో వైద్యుడు దానిని చూచి తెలిసికొనును.